స్మార్ట్ స్విచ్‌లు, సెన్సర్లు బిగించే ముందు

• వాటర్ హీటర్‌కు పెట్టే స్విచ్ మీద ఆంపియర్లు చూడండి. 2000 వాట్ల హీటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 10 ఆంపియర్ల రిలే (స్విచ్ లోపల కరెంటును కలిపి, తెంచే భాగం) రోజూ ఆ అంచున పనిచేస్తే వేడెక్కి కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. అప్పుడు ఫోన్‌లో ఆఫ్ నొక్కినా కరెంటు ఆగదు. 16 ఆంపియర్లదే కొనండి, ఇక్కడ పొదుపు వద్దు.

• బోర్డులో న్యూట్రల్ వైరు ఉందా? చాలా మోడళ్లు అది లేనిదే పనిచేయవు.

• రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఆన్‌లో ఉంచండి. చాలా వైఫై స్మార్ట్ పరికరాలకు 5 గిగాహెర్ట్జ్ అందదు.

• జిగ్‌బీ (స్మార్ట్ పరికరాలు వైఫై లేకుండా మాట్లాడుకునే వైర్‌లెస్ పద్ధతి) కూడా సాధారణంగా అదే బ్యాండ్. సిగ్నళ్లు ఒకదానికొకటి అడ్డు రాకుండా, జిగ్‌బీ పరికరాలను కలిపే హబ్‌ను రౌటర్‌కు ఎడంగా పెట్టండి. బ్యాటరీ సెన్సర్లు ఇతరుల సిగ్నల్‌ను ముందుకు పంపవు, కాబట్టి దూరపు గదికి దారిలో ఒక జిగ్‌బీ స్మార్ట్ ప్లగ్ ఉండాలి.

• మోషన్ సెన్సర్ మీద నేరుగా ఎండ పడనివ్వొద్దు. ఉత్తుత్తి హెచ్చరికలొస్తాయి.

• ఇంటర్నెట్ ఆపి, స్మార్ట్ తాళం, లైట్లు అప్పుడూ పనిచేస్తాయో లేదో పరీక్షించండి.