రసాయన పరికరాలకు టాంటలం: ఎంచుకునే ముందు, అమర్చేటప్పుడు

మరిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని, నత్రికామ్లాన్ని, చివరకు బంగారాన్ని సైతం కరిగించే ద్రవరాజాన్ని తట్టుకోగల అతి కొద్ది లోహాల్లో టాంటలం ఒకటి. 1802లో దీన్ని కనుగొన్న స్వీడన్ శాస్త్రవేత్త ఎకెబర్గ్, ఆమ్లంలో మునిగి ఉన్నా ఆమ్లాన్ని గ్రహించని ఈ పదార్థానికి, నీటిలో నిలబడి కూడా దాహం తీరని గ్రీకు పురాణ పురుషుడు టాంటలస్ పేరు పెట్టాడు. లోహం ఉపరితలంపై దానంతటదే ఏర్పడే పలుచని పెంటాక్సైడ్ పొరే దానికి కవచం. కెపాసిటర్లలో విద్యుత్ బంధకంగా పనికివచ్చేదీ ఈ ఆక్సైడే.

అందువల్ల ఆ పొరను మన ద్రావణం కరిగిస్తుందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, గాఢమైన వేడి క్షారాలు, సల్ఫర్ ట్రయాక్సైడ్ ఉన్న ఓలియం (పొగలు కక్కే సల్ఫ్యూరిక్ ఆమ్లం) దాన్ని దెబ్బతీస్తాయి. ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఫ్లోరైడ్ మలినంగా ఉండే అవకాశం ఉంది కనుక, పరీక్షించకుండా టాంటలం వాడకూడదు.

ఈ లోహం ఖరీదైనది, సాంద్రత ఘన సెంటీమీటరుకు 16.6 గ్రాములు. పాత్ర మొత్తాన్ని దీనితో చేయడం కంటే, బలానికి ఉక్కును ఉంచి లోపల పలుచని టాంటలం పొర వేయడమే సరైన పద్ధతి. అయితే వేడికి ఉక్కు దీనికంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుందని గుర్తుంచుకోవాలి. తుప్పు కోసం అదనపు మందం అక్కరలేదు కాబట్టి ఉష్ణ వినిమాయకాల గొట్టాలను పలుచగా చేయవచ్చు. గాజు పూత రియాక్టర్లలో పూత పెచ్చు లేచిన చోట టాంటలం బిళ్లను టెఫ్లాన్ గాస్కెట్‌తో బిగించి మరమ్మతు చేస్తారు.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది హైడ్రోజన్ ప్రమాదం. ఆమ్లంలో టాంటలం ఉక్కును తాకుతూ ఉంటే, ఉక్కు కరిగిపోతూ ఉండగా టాంటలంపై హైడ్రోజన్ వెలువడి లోహంలోకి చొరబడుతుంది. పైకి మచ్చయినా కనబడదు. లోహం మాత్రం పెళుసెక్కి, ఒకరోజు పగులుతుంది. అందుకే ఆమ్లం తగిలే చోట రెండు లోహాలకూ విద్యుత్ సంబంధం లేకుండా విడదీయాలి. అది సాధ్యం కాకపోతే, టాంటలానికి చిన్న ప్లాటినం ముక్కను అతికిస్తే హైడ్రోజన్ ఎక్కువగా దానిపైనే వెలువడుతుంది.

వెల్డింగ్‌లోనూ ఇంతే జాగ్రత్త అవసరం. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే టాంటలం గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకోవడం మొదలుపెడుతుంది కనుక, అతుకుకు రెండు వైపులా ఆర్గాన్ పారించి, పూర్తిగా చల్లారే వరకు ఆపకూడదు. అతుకు వెండిలా మెరిస్తే స్వీకరించవచ్చు; నీలం, బూడిద రంగుకు తిరిగినా, తెల్లని పొడి కనబడినా ఆ భాగాన్ని కోసి మళ్లీ చేయాలి.