ఉద్వేగాలను పట్టుకోవడం, 3వ పాఠం: ముందు ఒళ్లు చల్లబడాలి

పోయిన పాఠంలో కోపాన్నీ భయాన్నీ 0 నుంచి 100 దాకా కొలుచుకోవడం నేర్చుకున్నాం. ఆ అంకె 80 దాటితే ఏం చేయాలన్నదే ఈ పాఠం. 80 దాటాక ఆలోచనతో పని కాదు, ముందు ఒళ్లు సంగతి చూడాలి.

మిర్యాలగూడలో ఒకాయన ఉన్నాడనుకోండి. రాత్రి పదింటికి తమ్ముడు ఫ్యామిలీ గ్రూపులో పొలం పంపకం గురించి "నాయిన మంచాన పడ్డప్పుడు నువ్వేం చూసినవన్నా?" అని పెట్టాడు. చదవగానే ఈయనకు చెవులు వేడెక్కాయి, దవడ బిగుసుకుంది, బొటనవేలు అప్పటికే "ఇయ్యాల్టి నుంచి నువ్వెవరో నేనెవరో" అని కొడుతోంది. పక్కనుంచి భార్య "జర నిమ్మళంగుండు" అంటోంది. ఎట్లుంటాడు? గుండె దడదడలాడుతుంటే ఎంత మంచి మాటైనా తలకెక్కదు, అది ఆయన మొండితనమేమీ కాదు.

ఉద్వేగాలను పట్టుకోవడం నేర్పే డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మానసిక చికిత్సను రూపొందించిన అమెరికా సైకాలజిస్టు మార్షా లినెహన్‌కు ఈ సంగతి బాగా తెలుసు. తాను కూడా చిన్న వయసులో ఇలాంటి బాధతో ఆస్పత్రిలో గడిపానని ఆమె 2011లో అందరి ముందూ చెప్పారు. ఈ పద్ధతిలో "ధైర్యం తెచ్చుకో" లాంటి సలహాలకన్నా వెంటనే చేయదగ్గ పనులే ఎక్కువ, నాకు నచ్చేదీ అదే.

ఇక పని. వెడల్పాటి గిన్నెలో చల్లటి నీళ్లు పోసుకోండి. ఎండాకాలం నల్గొండలో మేడ మీది ట్యాంకు నీళ్లు కాలుతుంటాయి కదా, అవి పనికిరావు, ఫ్రిజ్ నీళ్లు కలపండి. అలాగని మరీ మంచులా గడ్డకట్టేంత చలువ అక్కర్లేదు. ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, కళ్ల చుట్టూ బుగ్గలూ మునిగేలా ముఖం పెట్టి 30 సెకన్ల దాకా, అంతసేపు ఆగలేకపోతే ఆగగలిగినంతసేపు ఉండండి. గిన్నె దొరక్కపోతే దస్తీలో ఐసు ముక్కలు చుట్టి కళ్ల మీద, బుగ్గల మీద అదుముకుని అలాగే వంగి ఊపిరి బిగబట్టండి. ముఖానికి చలువ తగిలి ఊపిరి ఆగితే మనం నీళ్లలో మునిగామని ఒళ్లు అనుకుంటుంది, గుండె వేగం తగ్గిస్తుంది. మీరు ఒప్పించాల్సిన పనే లేదు.

గుండె జబ్బు ఉన్నవాళ్లు, గుండె వేగం తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్లు, తిండి బాగా మానేసి చిక్కిపోయినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఇది చేయొద్దు. వాళ్లకు ఊపిరి పద్ధతి చాలు: 4 లెక్కపెడుతూ పీల్చి, 6 లెక్కపెడుతూ వదలడం.

దీంతో కోపం పోదు, పొలం తగాదా తేలదు. కొద్ది నిమిషాల వెసులుబాటు దొరుకుతుంది, అంతే. ఆ కాసేపూ ఫోన్ వేరే గదిలో పెట్టండి. మళ్లీ అంకె పెరిగితే మళ్లీ చేయండి.

చచ్చిపోవాలని, ఒంటికి గాయం చేసుకోవాలని అనిపిస్తుంటే మాత్రం ఈ పాఠంతో సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ వారం అభ్యాసం: కోపం లేనప్పుడే ఒకసారి చేసి చూడండి, లేకపోతే అవసరానికి గుర్తురాదు. చేసే ముందు అంకె, చేశాక అంకె నోటుబుక్కులో రాయండి. తమ్ముడు పెట్టిన మాటలో నిజమెంత, మనం కలుపుకున్నదెంత అన్నది 4వ పాఠంలో విడదీద్దాం, అప్పటిదాకా ఆ మెసేజ్‌కు జవాబు ఇవ్వకండి.