పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేముందు: ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులకు

- స్క్రైబ్ (పిల్లలు చెబితే జవాబు రాసిపెట్టే మనిషి), అదనపు సమయం కావాలని నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) బోర్డుకు వెళ్లకముందే హెచ్‌ఎం గారికి రాసి ఇవ్వండి. నోటిమాట రికార్డు కాదు. హాల్‌టికెట్ వచ్చాక పరుగెత్తితే పిల్లకే టెన్షన్. మీ కాపీ మీద తేదీ, సంతకం వేయించుకోండి.

- సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) గడువు చూడండి. తాత్కాలికమైతే పరీక్షల లోపే ముగియవచ్చు.

- ఆధార్, సదరం, స్కూలు రికార్డుల్లో పేరు ఒకేలా ఉందా? ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా తిప్పలే.

- డిస్‌లెక్సియాను (చదవడం, రాయడంలో ఇబ్బంది పెట్టే అభ్యసన వైకల్యాన్ని) బద్ధకం అనకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యమూ ఉంది. పాఠం గడగడా అప్పజెప్పి, రాయమనగానే పెన్సిల్ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్న పాపను చూశాను. ఆ పాపది బద్ధకం కాదు. అనుమానముంటే మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే కేంద్రం) అడగండి.

- 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే స్క్రైబ్‌కు అనుమతి ఉన్నవారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనమని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. మీ బోర్డు నియమం కూడా కనుక్కోండి.

- స్క్రైబ్‌తో ఇప్పటినుంచే ప్రాక్టీసు చేయించండి. జవాబు తెలిసినా, ఆగి ఆగి చెప్పి రాయించడం అలవాటు కావాలి. లెక్కలకైతే మరీనూ.