కాయిల్‌లో నీళ్లు తిరుగుతున్నా వోర్ట్ చల్లారడం లేదా?

ఇంట్లో బీరు చేసేటప్పుడు, మరిగిన వోర్ట్‌ను (మొలకెత్తించిన ధాన్యం, అంటే మాల్ట్ నుంచి తీసిన తియ్యటి రసం) చల్లార్చడానికి అందులో కాయిల్ (చల్లటి నీళ్లు పారే గొట్టపు చుట్ట) దించుతాం. నీళ్లు జోరుగా పారుతున్నా వోర్ట్ 40 డిగ్రీల దగ్గర మొరాయిస్తే, ఇంకో కాయిల్ కొనే ముందు, బయటికొచ్చే నీటిని ముట్టుకుని చూడండి. మొదట్లో వద్దు, చెయ్యి కాలుతుంది. వోర్ట్ వేడిగా ఉండి ఆ నీళ్లు చల్లగా వస్తుంటే, వోర్ట్ కదలడం లేదని అర్థం. కాయిల్‌ను ఆనుకున్న వోర్ట్ మాత్రమే చల్లబడుతోంది, మిగతా వేడి అక్కడిదాకా రావడం లేదు. శానిటైజ్ చేసిన పొడవాటి గరిటెతో ఆపకుండా కలపండి, లేదా కాయిల్‌నే మెల్లగా ఆడిస్తూ ఉండండి. నీళ్లు మళ్లీ వేడిగా రావడం మొదలవుతుంది.

వోర్ట్ చల్లారకుండా వేడి నీళ్లే వస్తున్నాయా? అయితే నీళ్లు చాలినంత పారడం లేదు: పైపు ఎక్కడో మడత పడి ఉంటుంది, లేదా కుళాయి సరిగా తిప్పలేదు. ఒకటి గుర్తుంచుకోండి: కుళాయి నీళ్లు 28 డిగ్రీలుంటే వోర్ట్ అంతకంటే కిందికి దిగదు. ఆ తర్వాత పాత్రను ఐసు నీటి తొట్టిలో పెట్టాల్సిందే.

థర్మామీటర్ 20 చూపించాకే ఈస్ట్ వేశారు, అయినా బీరులో థిన్నర్ లాంటి ఘాటు

ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. చల్లబడ్డ వోర్ట్ బరువెక్కి అడుగుకు దిగుతుంది, వేడిది పైన తేలుతుంది. థర్మామీటరేమో చాలా పాత్రల్లో అడుగున, కుళాయి పక్కనే ఉంటుంది. అడుగు సగం 20, పై సగం 38 ఉంటే, ఫెర్మెంటర్‌లోకి (పులియబెట్టే పాత్ర) వంపాక మొత్తం 29 అవుతుంది. ఏల్ ఈస్ట్‌లలో (ఏల్ రకం బీరుకు వాడేవి) చాలావాటికి 18–22 చాలు. 29లో అది విజృంభించి ఆ థిన్నర్ ఘాటునిచ్చే ఫ్యూజెల్ ఆల్కహాల్స్ తయారుచేస్తుంది. పులియడం చురుగ్గా మొదలవుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చివరికి నింద ఈస్ట్ మీదో మాల్ట్ మీదో పడుతుంది.

అందుకే నీళ్లు కట్టేసి, నిమిషం పాటు అడుగు నుంచి పైకి బాగా కలిపి, పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా కొలవండి. మూడూ ఒక్క డిగ్రీ తేడాలోపు ఉంటేనే ఆపండి. ఫెర్మెంటర్‌లో పోశాక, ఈస్ట్ వేసే ముందు మళ్లీ కొలవండి. ఇప్పటికే వేసేసి ఉంటే వెంటనే ఫెర్మెంటర్‌ను చల్లటి నీటి తొట్టిలో దించండి. ఆ ఘాటు చాలావరకు ఈస్ట్ పెరిగే తొలి దశలోనే పుడుతుంది, కాబట్టి నురగ లేవకముందే చల్లబరిస్తే బీరు దక్కే అవకాశం ఎక్కువ.

వడకట్టేటప్పుడు జల్లెడ మూసుకుపోతోంది

పెల్లెట్ హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూల గుళికలు) పొడి, మరిగినప్పుడు విరిగిన ప్రొటీన్ కలిసి సన్నని కన్నాలను పూడ్చేస్తాయి. రుద్దితే ఇంకా బిగుస్తాయి. చల్లార్చాక కాయిల్ తీసేసి, ఒకే వైపు గట్టిగా సుడి తిప్పి, మూతపెట్టి 20 నిమిషాలు వదిలేయండి. మడ్డి మధ్యలో కుప్పపడుతుంది. పక్క నుంచి తేరిన వోర్ట్ తీసి, అప్పుడు జల్లెడ పట్టండి. ఆ జల్లెడను శానిటైజర్‌లో ముంచారా? చల్లారిన వోర్ట్‌ను తాకే ప్రతిదీ మునగాలి. వేడి వోర్ట్‌ను పైనుంచి చిమ్ముతూ పోయకండి. చల్లారాక చిమ్మినా పర్వాలేదు, ఈస్ట్‌కు ఆక్సిజన్ కావాలి.

నాలుగు రోజులకే పులుపు

పైపు క్లిప్పు కింద చూడండి. చుక్కచుక్కగా కుళాయి నీళ్లు పాత్రలో పడుతుంటాయి, వాటితో వచ్చే సూక్ష్మజీవులే పులుపు తెస్తాయి. అతుకులు పాత్ర అంచు దాటి బయట ఉండాలి. కాయిల్ మీది సూక్ష్మజీవులు చావడానికి, మరిగే ఆఖరి 15 నిమిషాల్లో దాన్ని వోర్ట్ లోపలే ఉంచండి.

కాయిల్‌కు సూదిబెజ్జం పడటం అరుదు. థర్మామీటర్ మీద అనుమానముంటే, నలగ్గొట్టిన ఐసు కలిపిన నీళ్లలో దాన్ని పెట్టి చూడండి, 0 చూపాలి.