నల్లులేమోనని అనుమానమా? మంచం పారేయకముందు చదవండి

పొద్దున లేచేసరికి మా చిన్నదాని మోచేతి దగ్గర మూడు దద్దుర్లు, ఎవరో వరసగా చుక్కలు పెట్టినట్టు. దోమలే అనుకుని దోమల మందు మార్చాం, డాక్టర్ దగ్గరికి వెళ్తే గజ్జికి పూసే క్రీమ్ ఇచ్చి పంపారు, అదీ పూశాం, అలా మూడు వారాలు గడిచిపోయాయి. మా ఆయనకీ నాకూ ఒంటి మీద మచ్చ లేదు కాబట్టి నల్లులన్న ఆలోచనే రాలేదు. అక్కడే బోల్తా పడ్డాం. నల్లి ఎవరినీ వదలదు, కాకపోతే కొందరికి అసలు ఏమీ తేలదు, కొందరికి కుట్టిన కొన్ని రోజుల తర్వాత తేలుతుంది.

దద్దుర్లున్నాయి, పురుగు మాత్రం కనబడట్లేదు

దద్దురు చూసి ఇది నల్లే అని ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. మంచం చూసి చెప్పాలి. అది కూడా పరుపు మధ్యలో కాదు, అంచు కుట్ల వెంట, తలవైపు చెక్క వెనకాల, చెక్కలు కలిసే సందుల్లో, బోల్టు దిగిన రంధ్రాల్లో. చేతిలో టార్చ్, పాత ఏటీఎం కార్డు ఉంటే చాలు. కార్డు అంచు సందులోకి దూర్చి మెల్లగా లాగండి. మాకు రాత్రి మూడింటికి అలాగే దొరికాయి, తలవైపు బోల్టు రంధ్రంలోంచి నాలుగు బయటికొచ్చాయి, వాటితో పాటు ఆవగింజ కన్నా చిన్న తెల్లటి గుడ్లు, ఖాళీ పొట్టు. పెద్ద నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్లు, ఆపిల్ గింజలా చదునుగా, గోధుమ రంగులో ఉంటుంది, రక్తం తాగాక ఉబ్బి ఎర్రబడుతుంది. పురుగు దొరక్కపోతే పరుపు మీద పెన్నుతో పెట్టినట్టుండే నల్ల చుక్కలు వెతకండి. తడి దూదితో రుద్దితే తుప్పు రంగులో పాకిందా, ఇక అనుమానం అక్కర్లేదు, అది అరిగిన రక్తం.

రోగాలు అంటిస్తాయేమోనని టెన్షన్ పడకండి, నల్లి కాటు వల్ల మనుషులకు జబ్బులు సోకినట్టు ఇంతవరకు తేలలేదు. నిద్ర పట్టకపోవడం, గోకి గోకి పుండు చేసుకోవడం, ఇవే అసలు బాధ.

మందు కొట్టాం, వారం బాగుంది, మళ్లీ మొదలు

కారణం గుడ్లు. చాలా మందులు గుడ్డును ఏమీ చేయలేవు, అది వారం పది రోజుల్లో పొదిగి పిల్ల బయటికొచ్చేస్తుంది. అందుకే పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిస్తే ఒక్కసారి కొట్టి పోతామంటే ఒప్పుకోకండి, రెండు వారాల తేడాతో కనీసం రెండుసార్లు రావాలని ముందే మాట్లాడుకోండి. షాపులో దొరికే బొద్దింకల స్ప్రేలకు నల్లులు చాలావరకు అలవాటుపడిపోయాయి. అవి తగిలిన నల్లి చస్తే చావొచ్చు గానీ మిగతావి పక్క గదికి పాకుతాయి.

మందు కన్నా నేను నమ్మేది వేడిని. 50 డిగ్రీలు దాటితే గుడ్లతో సహా చస్తాయి. దుప్పట్లు, దిండు గలేబులు, మంచం పక్కన వేలాడే చున్నీలు అన్నీ అక్కడికక్కడే కవర్లో మూటగట్టి తీసుకెళ్లి, బట్ట తట్టుకుంటే 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి. మా అమ్మమ్మ నవారు విప్పేసి, మంచం కోళ్ల సందుల్లో మరుగుతున్న నీళ్లు పోసేది. ఇప్పటి ప్లైవుడ్ మంచానికి అది కుదరదు, స్టీమర్ తెచ్చి సందుల వెంట నిదానంగా తిప్పాలి. మందపాటి పరుపును ఒట్టి ఎండలో పడేస్తే మాత్రం పై పొర కాలుతుంది, నల్లి తాపీగా కిందివైపుకి దిగిపోతుంది.

ఒక్క గదిలో ఉండేవి, ఇప్పుడు హాల్లోనూ

చాలాసార్లు మనమే మోసుకెళ్తాం. కుడుతున్నాయని దిండు పట్టుకుని సోఫా మీదికి మారతాం, దిండుతో పాటు అవీ వస్తాయి, లేదా మన ఊపిరినీ ఒంటి వేడినీ బట్టి వెతుక్కుంటూ వస్తాయి. కష్టమైనా అదే మంచం మీద పడుకోండి. మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, దుప్పటి నేలకు తగలకుండా చూసి, నాలుగు కోళ్ల కింద సర్ఫ్ నీళ్లు పోసిన గిన్నెలు పెట్టండి. ఖాళీ గిన్నె పనికిరాదు, మన వేడి ప్రాంతాల నల్లి నున్నటి అంచు కూడా ఎక్కేయగలదు.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా. ధాన్యం బస్తాల్లో పెట్టే విషపు బిళ్లలు నల్లులకని ఇంట్లో పెట్టొద్దు. వాటి నుంచి వచ్చే గ్యాస్ పక్క గదిలో పడుకున్న పిల్లల్ని కూడా చంపుతుంది. మంచానికి కిరసనాయిలు పూయడం, స్విచ్ బోర్డులో మందు పోయడం కూడా వద్దు.

అన్నీ చేశాం, అయినా వస్తున్నాయి

అయితే బయటి నుంచి వస్తున్నాయి. హాస్టల్ నుంచి వచ్చిన సూట్‌కేసు, సెకండ్ హ్యాండ్ సోఫా, స్లీపర్ బస్సులో పక్కన పెట్టుకున్న బ్యాగు, అపార్ట్‌మెంట్ అయితే అవతలి ఫ్లాట్. పక్కింటావిడను అడగడానికి నాకు వారం పట్టింది, సిగ్గు. తీరా అడిగితే "మాకూ ఉన్నాయండీ, మీకెలా చెప్పాలా అనుకుంటున్నా" అంది. రెండిళ్లకూ ఒకే రోజు మందు కొట్టించాం.

తెల్ల దుప్పటి మీద కొత్త చుక్క లేకుండా, గిన్నెల్లో ఏమీ తేలకుండా రెండు నెలలు గడిస్తే పోయాయనుకోవచ్చు. మాకు గడిచి ఏడాదైంది, గిన్నెలు మాత్రం ఇంకా తీయలేదు.