తప్తపాణికి క్యాంపర్ వ్యాన్‌లో: ఉడుకునీళ్ల బుగ్గ, కృష్ణజింకలు, బండి జాగ్రత్తలు

ఒడిశాలోని బరంపురం నుంచి తప్తపాణి వేడినీటి బుగ్గ 50 కిలోమీటర్ల చిల్లర, అంతే. కానీ క్యాంపర్ వ్యాన్ (పడక, నీళ్ల ట్యాంకు, టాయిలెట్ ఉన్న బండి) ఉన్నప్పుడు నేరుగా పోకండి. తెల్లవారకముందే ఆస్కా వైపు బయల్దేరి, ఆస్కా దగ్గరి భేట్నోయి ఊరి పొలాల్లో కృష్ణజింకల్ని చూసి, ఆస్కాలో 326 నంబరు జాతీయ రహదారి ఎక్కి, దిగపహండి మీదుగా మధ్యాహ్నానికి తప్తపాణి చేరండి. జింకలు మేతకు వచ్చేది పొద్దున్నే, ఘాట్ ఎక్కాల్సింది వెలుతురులో. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. డిసెంబరు, జనవరి ఆదివారాలు మాత్రం వదిలేయండి. పిక్నిక్ బస్సులూ డీజే బాక్సులూ వచ్చాక అక్కడ జంతువులేం మిగులుతాయి?

అద్దె బండైతే ముందు నంబరు ప్లేటు చూడండి. తెల్ల ప్లేటు బండిని అద్దెకివ్వడం చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా రాకపోవచ్చు. మీరే నడపాలంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు, డ్రైవరుతో అయితే పసుపు ప్లేటు ఉండాలి. పెద్ద బండి మోజు వద్దు. ఊళ్లలో కిందకి వేలాడే కరెంటు తీగలు, మర్రి కొమ్మలు పైకప్పు మీది ఏసీకే ముందు తగులుతాయి. ఏసీతో కలిపి ఎత్తు టేపుతో కొలిచి, డాష్‌బోర్డు మీద రాసి అతికించుకోండి.

కరెంటు లెక్క కూడా ఇంట్లోనే చూసుకోవాలి. 12 వోల్టుల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 2.4 యూనిట్లు. 1000 వాట్ల ఏసీ దాన్ని రెండు గంటల్లో ఊడ్చేస్తుంది. అదే బ్యాటరీ ఫ్యాను, లైట్లు, చిన్న ఫ్రిజ్జుకు రెండు రోజులు వస్తుంది. చలికాలం కొండమీద ఏసీతో పనేముంది? లాడ్జిలో అడిగి కరెంటు తీసుకుంటే 16 ఆంపియర్ల ప్లగ్గుకే పెట్టండి. 5 ఆంపియర్ల సాకెట్‌కు గీజరు తగిలిస్తే ప్లగ్గు కరిగి అంటుకుపోతుంది.

ఇక అసలు సంగతి, బుగ్గ నీళ్లు. ఊట పుట్టేచోట స్నానం చేయరు. అక్కణ్ణుంచి కిందికి మళ్లించిన కొలనులోనే దిగాలి. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువుది, భయపడక్కర్లేదు. కాకపోతే ఆ నీళ్లు బండి ట్యాంకులోకి రానివ్వకండి. ఇత్తడి కుళాయిలు, రాగి గొట్టాలు నల్లబడతాయి, వాసన ట్యాంకును పట్టుకుని వదలదు. తాగే నీళ్లు, వాడుక నీళ్లు బరంపురంలోనే నింపుకోండి. ఇద్దరికి రెండు రోజులకు 60 లీటర్లు చాలు. 100 లీటర్లు నింపితే ఘాట్ మీద 100 కిలోలు మోసినట్టే.

మెట్టెలు, పట్టీలు బండిలోనే తీసిపెట్టి దిగండి. ఆ నీళ్లలో వెండి చూస్తుండగానే పసుపు తిరిగి, తర్వాత నల్లబడుతుంది. మరిచిపోయి దిగితే, గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, పట్టీలు దానికి తగిలేలా ఉంచి, రెండు చెంచాల వంటసోడా చల్లి, లీటరు మరిగే నీళ్లు పోయండి. ఐదు నిమిషాల్లో నలుపు చాలావరకు వదులుతుంది. రాళ్లు పొదిగిన వాటికి ఇది పనికిరాదు.

నీళ్లలో 10 నిమిషాలు కూర్చుని, లేచి, కాసేపాగి మళ్లీ దిగండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు దిగకపోవడమే మంచిది. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకు కాలు కాలినా తెలియదు, వేరొకరు చేత్తో వేడి చూసి చెప్పాలి. తల మాత్రం ఎవరూ ముంచకండి. మెదడు తినే అమీబా అని పేపర్లలో వచ్చేది ఉప్పులేని వెచ్చటి నీళ్లలోనే పెరుగుతుంది. అది ముక్కులోంచే లోపలికి పోతుంది. అరుదే, కానీ సోకితే బతకడం కష్టం.

భేట్నోయి చుట్టుపక్కల జింకల్ని కాపాడుతున్నది ఊరివాళ్లే. పైరు మేసినా కొట్టరు. అలాంటి పొలంలోకి టైరు దించకండి. రోడ్డు పక్కన ఆపి, ఇంజను కట్టేసి, కిటికీలోంచే చూడండి. బండికి అలవాటుపడిన మంద, మనిషి దిగి నిలబడితే లేచిపోతుంది. నల్లగా, మెలితిరిగిన కొమ్ములతో ఉన్నది ముదురు మగజింక.

తప్తపాణి చుట్టూ ఉన్నది అడవి, ఏనుగులు, ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం. పొద్దుగూకాక ఘాట్ మీద బండి కదపకండి, రోడ్డు పక్కన రాత్రి ఆపకండి. లాడ్జి ఆవరణలో అడిగి పెట్టుకోండి. పనసపండు, అరటిగెల, ఇప్పసారా బండిలో ఉంచితే ఏనుగును పిలిచినట్టే.

టాయిలెట్ క్యాసెట్‌ను (బండి టాయిలెట్ కింద మలమూత్రాలు చేరే డబ్బా) వాగులో గుమ్మరించకండి, కింద ఊళ్లు ఆ నీళ్లే వాడతాయి. అడిగి సెప్టిక్ ట్యాంకున్న మరుగుదొడ్డిలో మెల్లగా ఒంపి, రెండు బకెట్ల నీళ్లు పోయండి. క్యాసెట్‌లో ఫార్మాలిన్ ఉన్న మందు వాడితే సెప్టిక్‌లో పనిచేసే సూక్ష్మజీవులు చస్తాయి, రెండోసారి మిమ్మల్ని గేటులోకే రానివ్వరు.

దిగేటప్పుడు ఘాట్ మొదట్లోనే రెండో గేరు వేయండి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ప్యాడ్లు కాలి మాడు వాసన వస్తుంది, ఆపైన పెడల్ మెత్తబడుతుంది. వాసన తగలగానే వెడల్పైన చోట పక్కకు తీసి, 20 నిమిషాలు ఆగండి. చక్రాల మీద నీళ్లు మాత్రం పోయకండి, డిస్కులు వంకరపోతాయి.