సంక్రాంతికి అండమాన్‌లో ఉంటే

పండక్కి ఇంటికి వెళ్లలేక హావ్‌లాక్ (ఇప్పటి స్వరాజ్ ద్వీప్) వెళ్తున్నారా? గడియారం మనదే, సూర్యుడు మాత్రం తొందరపడతాడు. జనవరిలో ఆరు కాకముందే తెల్లవారుతుంది, సాయంత్రం ఐదుంపావుకల్లా సూర్యాస్తమయం. కాబట్టి నాలుగింటికే రాధానగర్ బీచ్ చేరి, వెలుగుండగానే అమ్మకు వీడియో కాల్ చేయండి. సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, అందకపోతే టెన్షన్ పడకుండా రూమ్ వైఫై నుంచి చేయండి. అరిసెలు, సకినాలు ఇంటి నుంచే పట్టుకెళ్లండి, పాడవవు. పూర్ణం బూరెలు వద్దు, ఓడ దిగేసరికే పులుస్తాయి. ముగ్గు? తడి ఇసుక మీద పుల్లతో గీయండి. పక్కన గవ్వలు పేర్చినా అక్కడే వదిలేయండి, ఎయిర్‌పోర్టులో అడ్డుకుంటారు. భోగి మంట మాత్రం బీచ్‌లో వేయకండి.